ప్లాన్ కాగితం మీద బాగుంది, సీజన్‌లో ఎందుకు నడవదు? తోతాపురి గుజ్జు యూనిట్ లెక్కతో చర్చ

తిరుచానూరు_తూకం | సోమవారం రాత్రి 9:12

వ్యాపార వ్యూహం గురించైతే గంటల తరబడి మాట్లాడతాం. అమలు దగ్గరికొచ్చేసరికి అందరి గొంతూ తగ్గిపోతుంది. ఈసారి గాల్లో మాట్లాడుకోకుండా ఒక నమూనా యూనిట్ పెట్టుకుందాం. ఇది ఎవరి ఫ్యాక్టరీ కాదు, లెక్క కోసం మాత్రమే.

చిత్తూరు పక్కన తోతాపురి మామిడి గుజ్జు యూనిట్. గంటకు 5 టన్నుల కాయ తీసుకునే అసెప్టిక్ లైన్ (గుజ్జును వేడితో క్రిములు లేకుండా చేసి శుభ్రమైన సంచీల్లో నింపేది) ఒకటి. రోజుకు నికరంగా 18 గంటలు నడుస్తుంది. మిగతా ఆరు గంటలు లైన్ కడుక్కోవడానికీ, షిఫ్టు మార్పులకీ, కరెంటు దోబూచులాటకీ పోతాయి. సీజన్ జూన్ నుంచి ఆగస్టు అని చెప్పుకున్నా, నిండుగా కాయ అందేది 45 రోజులే అనుకుందాం. అంటే 4,050 టన్నుల కాయ. గుజ్జు 52 శాతం దిగితే 2,106 టన్నులు. 215 కిలోల డ్రమ్ముల్లో నింపితే దాదాపు 9,800 డ్రమ్ములు.

ఇక యజమాని వ్యూహం. ఇప్పుడు సరుకంతా బ్రోకర్ల చేతుల మీదుగా పోతోంది. మూడేళ్లలో 40 శాతం గుజ్జును పానీయాల కంపెనీలకూ విదేశీ కొనుగోలుదార్లకూ నేరుగా, ఏడాది ఒప్పందం మీద అమ్మాలి.

మాట వరకు బాగానే ఉంది. జులైలో రాత్రి రెండు గంటలకు ఫిల్లర్ (సంచీలు నింపే యంత్రం) దగ్గర నిలబడ్డ ఆపరేటర్‌కు ఈ మాట ఏ రూపంలో చేరాలి?

పడితరం | సోమవారం రాత్రి 9:47

మన ఊళ్లోనే దీనికి పాత పద్ధతి ఒకటుంది సార్. శ్రీవారి లడ్డూకి దిట్టం, అంటే ఏ సరుకు ఎంత వెయ్యాలో రాసిపెట్టిన కొలతల పట్టీ. 1950లో ఖరారు చేశారు, 2001లో సవరించారు. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, ఆవునెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. మొత్తం 803 కిలోలు. పోటులోకి, అంటే లడ్డూలు చేసే వంటశాలలోకి, వెళ్లేది ఈ తూకాలే. రేపు లడ్డూలు రెట్టింపు కావాలంటే ఏ సరుకు ఎంత తెప్పించాలో స్టోర్‌లో ఉన్నాయన ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ వ్యూహానికి దిట్టం రాయలేదు, అందుకే అది ఆపరేటర్ దాకా రాదు. రాసి చూద్దాం. 2,106లో 40 శాతం అంటే 842 టన్నులు, 3,918 డ్రమ్ములు. 20 అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ముల లెక్కన 49 కంటైనర్లు. ఒప్పందం మీద కొనేవాళ్లు సరుకును పది నెలల్లో విడతలుగా ఎత్తుతారు కాబట్టి నెలకు ఐదు.

'40 శాతం నేరుగా' అంటే స్టోర్ వాళ్లకూ ల్యాబ్ వాళ్లకూ తట్టేది ఏమీ ఉండదు. 'నెలకు ఐదు కంటైనర్లు, ఒక్క డ్రమ్మూ వెనక్కి రాకూడదు' అంటే ఎవరి పని వాళ్లకు తెలుస్తుంది. మొదటి ఏడాదికి 40 పెట్టుకోవద్దు, 10 శాతం చాలు. 210 టన్నులు, 980 డ్రమ్ములు, 12 కంటైనర్లు. ఆ పన్నెండూ మచ్చ లేకుండా పోతే రెండో ఏడాది కొనేవాళ్లే ఎక్కువ అడుగుతారు.

దామలచెరువు_దారి | సోమవారం రాత్రి 10:30

దిట్టం సరే. తేదీలు వెయ్యండి, అసలు కష్టం అక్కడ బయటపడుతుంది.

గుజ్జు వ్యాపారానికి క్యాలెండర్ రాసేది చెట్టు. యూరప్‌కు పంపాలంటే పురుగుమందు అవశేషాల పరిమితి దాటకూడదు. క్లోర్‌పైరిఫాస్‌కు అక్కడ 2020 నుంచి పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే వాడలేదన్నంత. తోటలో తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టేది పూత మీద, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల. యజమాని ఈ వ్యూహాన్ని మే నెలలో ప్రకటిస్తే ఆ ఏటి కాయ మీద మందు ఎప్పుడో పడిపోయి ఉంటుంది. ఇక చేయగలిగింది ల్యాబ్ పరీక్ష చేయించి బాధపడడమే.

కాబట్టి వెనక నుంచి లెక్కపెట్టుకు రండి. జూన్ మూడో వారంలో మొదటి ఒప్పందపు డ్రమ్ము నిండాలి. ఏప్రిల్‌లో, కోతకు ముందు, ఎంచుకున్న తోటల నుంచి కాయ శాంపిల్ ల్యాబ్‌కు పోవాలి. జనవరి, ఫిబ్రవరిలో ఫీల్డు మనిషి ఆ తోటలకు పదిహేను రోజులకోసారి వెళ్లి మందు పుస్తకం రాయించాలి: ఏ మందు, లీటరు నీళ్లకు ఎంత, ఏ తేదీన. డిసెంబరు మొదటివారానికి రైతులతో కాగితం అయిపోవాలి. తోటల జాబితా నవంబరులో తేలాలి. అంటే వ్యూహం మీద తుది మాట అక్టోబరులోనే పడాలి. దసరాకి మాట, సంక్రాంతికి తోటలో పని.

ఎన్ని తోటలంటారా? 210 టన్నుల గుజ్జుకు 52 శాతం లెక్కన 405 టన్నుల కాయ. ల్యాబ్‌లో కొన్ని తోటలు పోతాయి, కొందరు రైతులు ధర చూసి పక్క ర్యాంపుకు (కాయ కొనే చోటుకు) తోలేస్తారు. 405 కావాలంటే 600 టన్నులకు మాట తీసుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. పెద్ద కంపెనీలు ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000 అనే ఆహార భద్రత సర్టిఫికెట్ అడుగుతాయి. రెండో దశ ఆడిట్ లైన్ నడుస్తుండగా జరగాలి. మొదటి దశకీ రెండో దశకీ మధ్య ఆరు నెలలు మించకూడదు. మొదటిది ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెట్టుకుని రెండోది జూన్ చివర్లో చేయించుకోవాలి. ఆగస్టులో కాయ అయిపోయాక ఆడిటర్‌ను పిలిస్తే ఆయన చూసేది ఖాళీ షెడ్డు. ఒక్క తేదీ తప్పితే ఏడాది మొత్తం పోతుంది. మామూలు వ్యాపారంలో ఆలస్యం అంటే పదిరోజులు. ఇక్కడ ఆలస్యం అంటే 365 రోజులు.

పాకాల_జంక్షన్ | సోమవారం రాత్రి 11:05

అన్నా, అందరూ బాగా చెప్తా ఉండారు గానీ దుడ్డు సంగతి ఎవురూ ఎత్తలా.

బ్రోకరు ఎందుకు అంత తీపి? సీజన్‌లోనే ఎత్తుకుంటాడు, సీజన్‌లోనే దుడ్డు ఇస్తాడు. కిలోకు రూపాయో రెండో తక్కువ ఇచ్చినా ఆ వారం రైతుకు కట్టే డబ్బు చేతిలో ఉంటాది. ఒప్పందం కంపెనీ నెల నెలా ఎత్తుతాది, ఎత్తినాక గడువు తీసుకుని కడతాది. రేటు జాస్తే, కానీ రాక నిదానం.

లెక్క చూడండి. 2025 సీజన్‌లో ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలని పెట్టింది కదా, అందులో ఫ్యాక్టరీ వంతు 8, సర్కారు వంతు 4. ఆ 8 ప్రకారమే చూసినా రోజుకు 90 టన్నులకు 7 లక్షల 20 వేలు. 45 రోజులకు 3 కోట్ల 24 లక్షలు కాయకే పోతాది. సంచీ, డ్రమ్ము, కట్టెలు, డీజిలు, కూలీలు దీంట్లో లేవు. 8ని 0.52తో భాగిస్తే కిలో గుజ్జులో కాయ ఖర్చే 15 రూపాయల 40 పైసలు. మొదటి ఏడాది 210 టన్నులకు 32 లక్షలు పైగా గోడౌన్‌లో కూర్చుంటాది. 40 శాతానికి పోతే కోటీ 30 లక్షలు. పది నెలల్లో సమంగా ఎత్తినారనుకో, సగటున ఐదు నెలల వడ్డీ మనదే.

బ్యాంకులో సరుకు మీద అప్పు లిమిట్ ఉంటాది, నిజమే. మామూలుగా నాలుగో వంతు మార్జిన్ పట్టుకుంటారు, సరుకు పాతబడే కొద్దీ డ్రాయింగ్ పవర్ (మనం తీసుకోగల అప్పు) కోస్తారు. ఈ మాట మార్చిలో బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడుకోవాల, జులైలో కాదు. ఇది తేల్చుకోకుండా విదేశీ బ్రాండు, కొత్త లేబులు అని తిరిగేవాళ్లను చూస్తే 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అనేదే గుర్తొస్తాది.

తిరుచానూరు_తూకం | మంగళవారం ఉదయం 6:50

పాకాల అన్న చెప్పింది అసలు గుండెకాయ. దానికి నేనొకటి కలుపుతా. డబ్బుతో పాటు చోటు కూడా ఆగిపోతుంది. 3,918 డ్రమ్ములు ప్యాలెట్‌కు నాలుగు చొప్పున 980 ప్యాలెట్లు. రెండు వరసల ఎత్తు పేరిస్తే నేల మీద 490 చోట్లు. ప్యాలెట్ 1.2 మీటర్ల చదరం అనుకుంటే 706 చదరపు మీటర్లు, ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారులు కలుపుకుంటే 1,100 దాకా. సుమారు 12,000 చదరపు అడుగుల నీడ. ఎండలో పెడితే రంగు నల్లబడుతుంది, కొనేవాడు రంగు చూసే రేటు కోస్తాడు. మొదటి ఏడాది 980 డ్రమ్ములకు ఇందులో నాలుగో వంతు చోటు చాలు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వ్యూహాన్ని అమల్లో పెట్టడానికి ఓకేఆర్‌లు (లక్ష్యం, దాన్ని కొలిచే ఫలితాలు), బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు, హోషిన్ కన్రి అంటూ రకరకాల పద్ధతులు చెబుతారు. ఇంత చిన్న యూనిట్‌కు వీటిలో ఏది పనికొస్తుంది?

కొలబద్ద | మంగళవారం ఉదయం 8:20

మూడూ పనికొస్తాయి, మూడూ పెడితే ఏదీ పనికిరాదు.

బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు 1992లో కాప్లాన్, నార్టన్ ప్రతిపాదించింది. డబ్బు అంకెలు ఒక్కటే చూడకుండా కస్టమర్, లోపలి పని, నేర్చుకోవడం కూడా పక్కపక్కన పెట్టి చూడమంటుంది. మీ యూనిట్‌కు అందులోంచి తీసుకోవాల్సింది ఒక్కటే: లాభం అనేది చివర్లో తెలిసే అంకె, అది ఆగస్టులో గాని కనబడదు. అంతకంటే ముందే మాట్లాడే అంకెలు కావాలి.

ఓకేఆర్ ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దగ్గర మొదలైంది. 1999లో జాన్ డోర్ దాన్ని గూగుల్‌కు తీసుకెళ్లాడు. మూడు నెలలకోసారి లక్ష్యాలు తిరగరాసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీకి అది బాగుంటుంది. మనకు మూడు నెలలంటే సీజన్ మొత్తం అయిపోతుంది.

హోషిన్ జపాన్‌ది. అందులో ఒక మంచి అలవాటు ఉంది: పైనుంచి లక్ష్యం కిందికి వస్తుంది, కిందివాళ్లు 'ఇంత కుదరదు, ఇందుకు' అని పైకి తిప్పి పంపుతారు, బంతి ఇటూ అటూ ఆడినట్టు. తేలేదాకా ఆట సాగుతుంది. మన దగ్గర జరిగేదేమిటి? యజమాని చెబుతాడు, మేనేజర్ 'అట్లాగే సార్' అంటాడు, బంతి అక్కడే ఆగిపోతుంది. 'నెలకు ఐదు కంటైనర్లు' అన్నప్పుడు ల్యాబ్ ఇన్‌ఛార్జి 'నాకున్నది ఒక ఇంక్యుబేటర్ (శాంపిళ్లను వెచ్చగా ఉంచి చూసే పెట్టె), అందులో ఇన్ని శాంపిళ్లే పడతాయి' అని తిప్పి చెప్పగలగాలి. ఆ మాట ఏప్రిల్‌లో బయటికి వస్తే ఇంకో ఇంక్యుబేటర్ కొంటారు. జులైలో వస్తే పరీక్ష పూర్తికాని డ్రమ్ము కంటైనర్ ఎక్కుతుంది.

కాబట్టి ఒక పేజీ చాలు. పైన ఆ ఏటి ఒక్క అంకె: 12 కంటైనర్లు. కింద నాలుగైదు పనులు. ప్రతి పనికీ తేదీ, ఒక్క పేరు. ఒక్క పేరే. 'ప్రొడక్షన్, క్వాలిటీ కలిసి చూసుకుంటారు' అని రాశారంటే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది.

బ్రిక్స్14 | మంగళవారం ఉదయం 11:15

ముందే మాట్లాడే అంకెలు అన్నారు కదా. గేటు నుంచి మొదలుపెట్టి ఏవేవో చెబుతా.

గంటకు 5 టన్నుల కాయ, 52 శాతం గుజ్జు, అంటే గంటకు 12 డ్రమ్ములు. ఇది ఆపరేటర్‌కు అర్థమయ్యే అంకె. పలక మీద గంట గంటకూ రాయాలి. 12 రాకపోతే పక్కన కారణం ఒక్క ముక్కలో: కాయ లేదు, ఆవిరి తగ్గింది, జల్లెడ మార్చాం, కరెంటు. వారం తిరిగేసరికి ఏ కారణం ఎన్ని గంటలు మింగిందో దానంతటదే తేలుతుంది.

నమూనా యూనిట్‌లో చాలామందికి కనబడని ఇరుకు మాగబెట్టే చోటు. కాయ పచ్చిగా వస్తుంది. కార్బైడ్ నిషేధం, కాబట్టి ఎథిలీన్ వాయువుతో మాగబెట్టే గదులు, గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) మించకుండా. పండేదాకా నాలుగైదు రోజులు. అంటే ఏ క్షణంలో చూసినా 360 నుంచి 450 టన్నుల కాయ షెడ్డులో మాగుతూ ఉండాలి. 20 కిలోల క్రేట్లలో పెడితే 18,000 నుంచి 22,500 క్రేట్లు. చాలా ప్లాన్లలో స్టెరిలైజర్ గురించి మూడు పేజీలుంటాయి, క్రేట్ల గురించి ఒక్క వాక్యం ఉండదు. క్రేట్లు చాలకపోతే కాయను గచ్చు మీద కుప్ప పోస్తారు. కింది వరస నలిగిపోతుంది, మధ్యలో వేడెక్కి ఒకవైపు మురుగుతుంది, పైవరస పచ్చిగానే ఉంటుంది. ఆ కలగలుపు పల్పర్‌లోకి (గుజ్జు తీసే యంత్రంలోకి) పోతే బ్రిక్స్, అంటే తీపి కొలత, 14 ఉండాల్సింది 12 దగ్గర నిలబడుతుంది, పులుపు ఎక్కువ. ఆ డ్రమ్ము ఒప్పందపు కొనుగోలుదారుకు పనికిరాదు. మళ్లీ బ్రోకరే దిక్కు. వ్యూహం ఓడిపోయింది క్రేట్ల దగ్గర, తప్పేమో సేల్స్ వాళ్ల మీద రాస్తారు.

గేటు దగ్గర టోకెన్. 90 టన్నులంటే 3.5 టన్నుల ట్రాక్టర్లు 25, 26. సీజన్ ముదిరినప్పుడు ఒకేసారి 60 వచ్చి నిలబడతాయి. ఎండలో రోజంతా నిలబడ్డ ట్రాక్టర్‌లో కాయ వేడెక్కి, మాగే రోజు ముందుకు జరిగి, మీ నాలుగు రోజుల లెక్క తప్పుతుంది. ముందురోజు సాయంత్రానికే మరుసటి రోజు స్లాట్లు ఫోన్‌కు పోవాలి. ఒప్పందపు తోటల ట్రాక్టర్లకు వేరే రంగు టోకెన్, వేరే వరస, వేరే గది. ఇది తప్పితే మందు పుస్తకం ఉన్న కాయ, లేని కాయ కలిసిపోతాయి. దామలచెరువు గారు జనవరి నుంచి చెప్పిన కష్టం మొత్తం ఆ పది నిమిషాల్లో నేలపాలు.

నెలవంక_లెడ్జర్ | మంగళవారం మధ్యాహ్నం 1:40

గుజ్జు శాతం మీద ఎందుకు గురి పెట్టలేదు ఎవరూ? ఒక్క శాతం పెరిగితే 40 టన్నులు, 188 డ్రమ్ములు, రెండు కంటైనర్ల పైమాట. 52 నుంచి 54కి తీసుకెళ్లినా చాలు కదా, ఈ ఒప్పందాల గొడవ అంతా ఎందుకు?

బ్రిక్స్14 | మంగళవారం మధ్యాహ్నం 2:25

ఆ 2 శాతం ఎక్కడినుంచి వస్తుందో చూడాలి మేడమ్. టెంకకు అంటుకున్న కండ గీకి తీస్తే వస్తుంది, సంతోషం. తొక్కను గట్టిగా పిండితే కూడా వస్తుంది. అప్పుడు జీడీ, వగరూ, నల్లచుక్కలూ గుజ్జులోకి దిగుతాయి. గుజ్జును వడకట్టే ఫినిషర్‌లో 0.5 మిల్లీమీటర్ల జల్లెడ ఎక్కడో చిరిగి ఉంటే పీచు కూడా. డ్రమ్ముల లెక్క పెరిగి, పాసయ్యే డ్రమ్ములు తగ్గుతాయి. ఏ అంకెకైనా ఎదురు అంకె ఒకటి కట్టండి: గుజ్జు శాతం పక్కనే నల్లచుక్కల లెక్క.

పడితరం | మంగళవారం మధ్యాహ్నం 3:05

ఇక్కడే కూలి సంగతి కూడా మాట్లాడాలి. మేస్త్రికి టన్ను కాయ నడిపితే ఇంత అని కడతారు. కాయ ఏజెంటుకు టన్నుకింత కమీషన్. ప్రొడక్షన్ మేనేజర్‌కు డ్రమ్ముల మీద బోనస్. ముగ్గురికీ లాభం ఎక్కువ కాయ, తొందరగా, ఎట్లాగో అట్లా తోసెయ్యడంలోనే ఉంది. గోడ మీద 'నాణ్యతే మా ఊపిరి' అని రాసి, జీతం చీటీలో 'టన్నేజే మా ఊపిరి' అని రాస్తే జనం ఏది చదువుతారు?

మార్చడానికి విప్లవం అక్కర్లేదు. ఒప్పందపు కాయ నడిచే షిఫ్టుల్లో కూలి టన్ను మీద కాకుండా మొదటిసారే ల్యాబ్ పాసైన డ్రమ్ము మీద కట్టండి. ఏజెంటు కమీషన్‌లో కొంత భాగం ఆపి, అవశేషాల రిపోర్టు వచ్చాక ఇవ్వండి. ఇది ఏప్రిల్‌లో కూర్చుని మాట్లాడి రాసుకోవాలి. మధ్యలో మారిస్తే ఆ రోజే పని ఆగిపోతుంది.

కొలబద్ద | మంగళవారం సాయంత్రం 5:30

మీటింగుల గురించి. సీజన్‌లో రోజూ పొద్దున 7:40కి షిఫ్టు మారే ముందు పలక దగ్గర నిలబడి పదిహేను నిమిషాలు. కుర్చీలు వద్దు, టీ తర్వాత. నిన్న ఎన్ని డ్రమ్ములు, ఎన్ని పాసు, ఎన్ని గంటలు ఎందుకు పోయాయి, ఈ రోజు ఏ గదిలో కాయ పండింది, ఎవరికి ఏం కావాలి. అంతే.

వారానికోసారి, ఆదివారం సాయంత్రం, యజమాని ఉండి తీరాలి. ఇరవై నిమిషాలు. అప్పుడు మాట్లాడేది ఆ ఒక్క పేజీ గురించే: 12 కంటైనర్ల దారిలో ఎక్కడున్నాం. బాయిలర్ రిపేరు, వంటమనిషి సెలవు, మున్సిపాలిటీ నీళ్లు, ఇవన్నీ ఇంకో చోట. రోజువారీ గొడవలు ఈ మీటింగులోకి చొరబడితే రెండో వారానికే వ్యూహం అజెండాలోంచి జారిపోతుంది. ఎవరూ రద్దు చేయరు, దానంతటదే మాయమవుతుంది. ఆరంభశూరత్వం అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు జరిగేది ఇదే: అత్యవసరం వచ్చి ముఖ్యమైనదాని కుర్చీలో కూర్చుంటుంది.

పలక మీద 'సగం అయింది' అనే పసుపు రంగు పెట్టకండి. అయింది, కాలేదు, రెండే. పసుపు ఉంటే అందరూ అందులోనే తలదాచుకుంటారు.

గోవిందరాజ_వీధి | మంగళవారం రాత్రి 8:10

మాది మామిడి కాదండీ, తిరుపతిలో లాడ్జి. ఇదంతా మాకు వర్తిస్తుందా?

పడితరం | మంగళవారం రాత్రి 8:26

వర్తిస్తుంది. సీజన్ అనే మాట తీసేసి బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు అని పెట్టుకోండి. 'అతిథులకు మంచి సేవ' అంటే దిట్టం కాదు. గది ఖాళీ అయ్యాక 40 నిమిషాల్లో మళ్లీ ఇవ్వడం, దానికి గదికి ఎన్ని జతల దుప్పట్లు, చాకలి నుంచి ఎన్ని గంటలకు తిరిగి రావాలి, ఆ పని ఎవరి పేరు మీద, ఇదీ దిట్టం. విడిగా ఇంకో చర్చ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

దామలచెరువు_దారి | మంగళవారం రాత్రి 9:00

జులై రెండో వారంలో వచ్చే పరీక్ష గురించి కూడా అనుకోవాలి. బ్రోకర్ ఫోన్ చేస్తాడు: 'ఈ వారమే 400 డ్రమ్ములు, డబ్బు రేపే.' అప్పటికి రైతుల బకాయి నెత్తిన ఉంటుంది. ఒప్పందపు కాయ ఏ గదిలో ఉందో, ఏ షిఫ్టు దానికి కేటాయించారో అందరూ మరిచిపోతారు. లైన్ బ్రోకర్ వైపు తిరుగుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఆ పూట అదే సబబుగా కనబడుతుంది.

దీనికి విరుగుడు ముందే రాసిపెట్టుకోవడం. ఉదాహరణకు: వారంలో రెండు పూర్తి రోజులు ఒప్పందపు కాయకే. 210 టన్నుల గుజ్జుకు 405 టన్నుల కాయ, రోజుకు 90 చొప్పున నాలుగున్నర రోజులే నడవాలి. కానీ గది మార్పులు, కడుగుడు, కాయ ఒకేసారి పండకపోవడం కలుపుకుని ఎనిమిది రోజులు పక్కన పెట్టాలి. నాలుగు వారాలు, వారానికి రెండు. ఆ రోజుల్ని బ్రోకర్‌కు ఇవ్వాలంటే యజమాని సంతకం ఒక్కటే చాలదు, సేల్స్ మనిషి సంతకం కూడా ఉండాలి. ఎందుకంటే కొనుగోలుదారుకు మొహం చూపించాల్సింది ఆయనే.

పాకాల_జంక్షన్ | మంగళవారం రాత్రి 9:35

ఈ మాట నాకు నచ్చినాది. కానీ రైతుకు కట్టేది ఆగిపోతే ఈ కాగితాలేవీ నిలవవు. ఒప్పందపు రైతులకు ఇచ్చేది విడిగా ఖాతాలో పెట్టండి. 405 టన్నులకు 8 లెక్కన 32 లక్షల 40 వేలు. కాయ తోలిన వారంలోపల పడితే వచ్చే ఏడాది వాళ్లే పదిమందిని తెస్తారు. ఆలస్యమైతే మందు పుస్తకం ఎవురు రాస్తారు మీకు?

బ్రిక్స్14 | బుధవారం ఉదయం 7:15

అసెప్టిక్‌లో ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. గుజ్జు 105 నుంచి 110 డిగ్రీల దగ్గర నిమిషం దాకా ఉండి, చల్లబడి సంచీలోకి దిగాలి. కరెంటు తొంగిచూసి పోయినా, జనరేటర్ అందుకునేలోగా వేడి పడిపోతుంది, ఫిల్లర్‌లో ఆవిరి తగ్గుతుంది. శుభ్రత పోయిందని లెక్క, లైన్ మళ్లీ స్టెరిలైజ్ చెయ్యాలి, గంటకు పైనే పడుతుంది. ఆ గంట మిగుల్చుకుందామని ఆపరేటర్ నింపేస్తే పది రోజుల తర్వాత సంచీలు ఉబ్బుతాయి. కాబట్టి 'లైన్ ఆపినందుకు ఎవరినీ అడగం' అన్న మాట యజమాని నోటి నుంచే, షిఫ్టు వాళ్లందరి ముందూ రావాలి. రాత్రి రెండు గంటలకు వ్యూహం ఆపరేటర్ చేతిలో ఉండడం అంటే ఇదే, మొదటి పోస్టులో అడిగారు కదా.

రెండోది, ప్రతి లాటు నుంచీ శాంపిల్ సంచీలు 7 నుంచి 10 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఉబ్బలేదని చూశాకే ఆ లాటుకు పచ్చ చీటీ. రోజుకు 218 డ్రమ్ముల లెక్కన పది రోజులంటే 2,180 డ్రమ్ములు చీటీ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ చోటు గోడౌన్ లెక్కలో కలిపారా?

తిరుచానూరు_తూకం | బుధవారం ఉదయం 7:50

కలపలేదు, ఒప్పుకుంటున్నా. ఒప్పందపు లాట్లు, బ్రోకర్ లాట్లు రెండూ ఆగుతాయి కాబట్టి 545 ప్యాలెట్లు, రెండు వరసలకు 273 చోట్లు, 393 చదరపు మీటర్లు, దారులతో 600 దాకా. అంటే మొదటి ఏడాది కూడా గోడౌన్ చిన్నదేమీ కాదు. బ్రోకర్ లారీ గేటు దగ్గర నిలబడి తొందరపెట్టినా ఈ పది రోజులు కదలకూడదు కాబట్టి, ఈ షరతు బ్రోకర్ ఒప్పందంలో కూడా రాయించాలి.

పైవన్నీ కలిపి ఒక పేజీ తయారు చేశా. పై వరసలో '12 కంటైనర్లు, మార్చి 31లోగా'. కింద ఐదు పనులు: 600 టన్నుల తోటలకు కాగితం (డిసెంబరు 7, ఫీల్డు మనిషి), బ్యాంకు లిమిట్, రైతు ఖాతా (మార్చి 20, అకౌంట్స్), క్రేట్లు 22,500, వేరే గది (మే 10, స్టోర్), రెండో దశ ఆడిట్ (జూన్ 25, క్వాలిటీ), కొత్త కూలి లెక్క (ఏప్రిల్ 15, ప్రొడక్షన్). ఎవరైనా తప్పు పట్టండి.

కొలబద్ద | బుధవారం ఉదయం 9:05

రెండు తప్పులు. ఒకటి, క్రేట్లకు మే 10 ఆలస్యం. చుట్టుపక్కల యూనిట్లన్నీ అదే నెలలో ఆర్డరు పెడతాయి. అసెప్టిక్ సంచీలకూ అంతే. ఫిబ్రవరిలో ఆర్డరు, ఏప్రిల్‌లో చేరిక అని రెండు తేదీలుగా విడగొట్టండి.

రెండోది, మానేసే పనుల వరస లేదు. అదే ఫీల్డు మనిషి, అదే ల్యాబ్, అదే 24 గంటలు. కొత్తగా ఐదు పనులు నెత్తినపెడితే పాతవాటిలో ఏది దించుతున్నారు? ఈ సీజన్‌కు చిన్న డబ్బాల్లో నింపే ఆర్డర్లు తీసుకోం అనో, జాబ్‌వర్క్ (వేరేవాళ్ల కాయను కూలికి నడపడం) చెయ్యం అనో ఒక్కటైనా రాయండి. పక్కన యజమాని సంతకం.

తిరుచానూరు_తూకం | బుధవారం ఉదయం 9:22

జాబ్‌వర్క్ తీసేశా. క్రేట్లు రెండు వరసలు చేశా. సంచీల కోసం ఇంకో వరస పెట్టా, 9,800కు మూడు శాతం పగుళ్లూ పారేతలూ కలిపి 10,100 అని. చూసి చెప్పండి, మూడు శాతం చాలుతుందా?

బ్రిక్స్14 | బుధవారం ఉదయం 9:40

కొత్త ఆపరేటర్లు ఉంటే మొదటి వారంలోనే మూడు శాతం తినేస్తారు, మూతి దగ్గర సరిగ్గా పట్టక. ఐదు పెట్టండి, 10,300. మిగిలితే పొడి చోట, ఎలకలు చేరని చోట దాచుకోండి. వచ్చే సీజన్‌లో వాడేముందు పెట్టె మీద గడువు తేదీ చూడండి.